నేపుల్స్ నుంచి కాప్రి: అమ్మానాన్నలతో ఒక్కరోజు ప్లాన్, సలహాలు కావాలి

మధు_మ్యూనిక్

అందరికీ నమస్కారం. మే నెలాఖరుకి అమ్మానాన్న గుంటూరు నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లని ఇటలీ తీసుకెళ్దామని నేపుల్స్‌లో, నపోలి సెంట్రాలె స్టేషన్‌కి దగ్గర్లో రూమ్ తీసుకున్నాం. అందులో ఒక రోజు కాప్రి ద్వీపానికి పెట్టుకున్నా. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి, రాత్రి అక్కడ ఉండే ఆలోచన లేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే మెల్లగా ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లంటేనే కష్టం. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. ఆయనకి చరిత్ర ఉంటే చాలు, ఎండలో కొండ ఎక్కమన్నా ఎక్కేస్తారు. ఇద్దరికీ సరిపోయే రోజు ఎలా కుదుర్చుకోవాలో తెలియడం లేదు.

బ్లూ గ్రోటో (ఆ నీలిరంగు గుహ) తప్పకుండా చూడాలా? ముందు ఏ ఊరికి వెళ్లాలి? జూన్ 2 మంగళవారం అనుకుంటున్నా, వారం మధ్యలో కాబట్టి రద్దీ తక్కువుంటుందని. వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరు.

నపోలి_నివాసి

మధు గారూ, మొదట తేదీ మార్చండి. జూన్ 2 ఇటలీ గణతంత్ర దినోత్సవం, దేశమంతా సెలవు. 1946లో అదే రోజున రాజరికం వద్దని ఓటేశారు. ఆ రోజు నేపుల్స్‌వాళ్లే కుటుంబాలతో కాప్రి పడవలెక్కుతారు. మూడో తేదీకో నాలుగో తేదీకో జరపండి, సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

నేను చదువు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇంటి నుంచి ఎవరొచ్చినా కాప్రి చూపించే పని నాదే, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

నేపుల్స్‌లో పడవలు రెండు చోట్ల నుంచి బయల్దేరతాయి. మొలో బెవెరెల్లో నుంచి వేగంగా వెళ్లే హైడ్రోఫాయిళ్లు, ఇక్కడివాళ్లు అలిస్కాఫో అంటారు. సుమారు 50 నిమిషాల్లో దింపేస్తాయి. కాస్త అవతల ఉన్న కలాతా పోర్తా ది మాస్సా నుంచి పెద్ద ఫెర్రీలు, అంటే త్రగెత్తో. వాటికి గంటా ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. టికెట్ కొనేటప్పుడు ఏ రేవు అన్నది చూసుకోండి. రెండింటి మధ్య నడవాల్సి ఉంటుంది, అమ్మగారితో ఆఖరి నిమిషంలో ఆ పరుగు వద్దు.

మీ హోటల్ నుంచి మెట్రో లైన్ 1 ఎక్కి మునిచిపియో స్టేషన్‌లో దిగితే బెవెరెల్లో ఎదురుగానే. నాన్నగారికి చెప్పండి, ఆ స్టేషన్ కోసం తవ్వుతుంటే పాత రోమన్ రేవు బయటపడింది, బురదలో మునిగిన రోమన్ పడవలతో సహా. ఆయన యాత్ర మెట్రోలోనే మొదలైపోతుంది.

ఓరుగల్లు_సుధ

అమ్మకి పడవ పడుతదా? ముందు గా సంగతి చూసుకో తమ్మీ. అలిస్కాఫోల మొత్తం లోపల్నే కూర్చోవాలె, అద్దాలు మూసి ఉంటయ్. అల జర లేస్తే కడుపుల తిప్పుతది. మా అత్తమ్మకి గట్లనే అయింది. తిరిగొచ్చేటప్పుడు పెద్ద ఫెర్రీల వచ్చినం, పైన డెక్ మీద గాలికి కూసుంటే ఆమెకి ఏం కాలే. వెసూవియస్ కొండ దగ్గరికొస్తుంటే సూసుకుంట కూసున్నది. టైమ్ ఎక్కువైనా పెద్దోళ్లకి అదే మంచిగుంటది.

మధు_మ్యూనిక్

తేదీ సంగతి అస్సలు తెలియదు, చాలా థ్యాంక్స్ అండీ. జూన్ 4కి మార్చేస్తున్నా. సుధక్కా, అమ్మకి ఘాట్ రోడ్డులోనే తిప్పుతుంది, పెద్ద ఫెర్రీయే చూస్తాను.

పాలకొల్లు_అబ్బాయి

బ్లూ గ్రోటో చూడకుండా కాప్రి నుంచి రావద్దు బ్రో. ఆ నీలం ఇంకెక్కడా కనిపించదు. లోపలికి వెళ్లాక చెయ్యి నీళ్లలో పెడితే వెండిలా మెరుస్తుంది. నేను చూసినవాటిలో దానికి సాటి లేదు.

నపోలి_నివాసి

అందంలో మీతో నాకు గొడవ లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా.

గుహ ముఖం నీటిమట్టానికి మీటరు ఎత్తు మాత్రమే ఉంటుంది. నలుగురేసి పట్టే చిన్న తెడ్డు పడవలోకి మారాలి, అదీ అలల మీద ఊగుతుండగా. ద్వారం దగ్గర అందరూ పడవ అడుగున వెల్లకిలా పడుకోవాలి. పడవవాడు గోడకి కట్టిన గొలుసు పట్టుకుని, అల దిగే క్షణం చూసి లోపలికి లాగుతాడు. లోపల ఉండేది కొద్ది నిమిషాలే. దాని కోసం బయట గంటకు పైగా వరసలో ఊగుతూ ఉండాల్సి రావచ్చు. రేవు నుంచి గుహ దాకా మోటారు పడవకి ఒక టికెట్, గుహలోకి మళ్లీ వేరే టికెట్.

గుహ ఉన్నది ద్వీపానికి వాయవ్యాన. అటునుంచి గాలి వీస్తే, అలలు కాస్త లేచినా మూసేస్తారు. ఎండ కాస్తున్నా మూసే ఉండొచ్చు. కాబట్టి దాని చుట్టూ రోజంతా అల్లుకోవద్దు. తెరిచి ఉంటే, ఓపిక ఉంటే చూడటం మంచిది.

పాలకొల్లు_అబ్బాయి

అది నిజమే, నాతో వచ్చినవాళ్లందరం కుర్రాళ్లం. పెద్దవాళ్లకి ఆ పడవ మారడం కష్టమే.

ఆ నీలం ఎందుకొస్తుందో నాన్నగారు అడిగితే: మనం దూరే చిన్న కన్నం కింద, నీళ్లలో ఇంకో పెద్ద ద్వారం ఉంది. వెలుగు ఎక్కువగా అందులోంచే వస్తుంది. నీళ్లు ఎరుపుని పీల్చేసుకుని నీలాన్ని వదులుతాయి కాబట్టి గుహ మొత్తం అడుగు నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక బాగుంటుందంటారు. 1826లో ఒక జర్మన్ కవి, ఆగస్ట్ కోపిష్, అందులోకి ఈది వెళ్లి దాని గురించి రాశాకే యూరప్ అంతా పరుగెత్తుకొచ్చింది. ద్వీపంవాళ్లకి ముందే తెలుసు, లోపల దయ్యాలున్నాయని భయపడేవారట. రోమన్లకైతే ఇంకా ముందే తెలుసు, గుహ అడుగున వాళ్ల విగ్రహాలు దొరికాయి.

కృష్ణాతీరం

ఇది నా అభిప్రాయం, ఎవరికైనా ఇదే చెప్తాను: దిగిన వెంటనే అనకాప్రికి వెళ్లిపోండి.

ద్వీపంలో రెండు ఊళ్లు. కింద కాప్రి, పైన అనకాప్రి. పడవ దిగే రేవు మరీనా గ్రాండె. అక్కడ దిగిన జనమంతా ముందు ఫునికులారె (కొండ మీదికి లాగే రైలు, 1907 నుంచి నడుస్తోంది) వరసలో నిలబడి కాప్రి ఊరికి ఎక్కుతారు. పదకొండు అయ్యేసరికి అక్కడి చౌకులో కాలు పెట్టే చోటుండదు. మీరు అదే సమయానికి రేవు నుంచి అనకాప్రి బస్సు ఎక్కితే పైన ఊరు ఇంకా నిమ్మళంగా ఉంటుంది. బస్సులు మరీ చిన్నవి, నిలబడాల్సి రావచ్చు. రోడ్డు కొండ అంచునే పోతుంది. అమ్మగారికి ఘాట్ రోడ్డు పడదంటున్నారు కాబట్టి ముందు సీటు దొరికేదాకా ఇంకో బస్సుకి ఆగండి, లేదంటే టాక్సీ. పైకప్పు తీసేసిన పొడుగాటి టాక్సీలు ఉంటాయి, ఖరీదే, కానీ ముగ్గురు నలుగురు కలిస్తే ఆ ఒక్కసారికి పెట్టొచ్చు.

అనకాప్రి చౌకు పక్కనే మోంతె సొలారో చెయిర్‌లిఫ్ట్. కొండ ఎత్తు 589 మీటర్లు, ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తు అదే. ఒక్కో కుర్చీలో ఒక్కరే, పది పన్నెండు నిమిషాల ప్రయాణం. కాళ్లు కిందికి వేలాడుతుంటాయి గానీ చాలాదూరం వాళ్ల ద్రాక్షతోటల మీదుగా, పెరళ్ల మీదుగా తక్కువ ఎత్తులోనే పోతుంది, భయం వెయ్యదు. మా అమ్మ అరవై దాటాక ఎక్కింది. చీర కొంగు నడుముకి బిగించి కూర్చోమని ముందే చెప్పాను. దిగి వస్తూ మళ్లీ ఒకసారి తిప్పుతావా అని అడిగింది.

పైన ఒక్క మెట్టు ఎక్కకుండానే సముద్రంలో నిలబడ్డ ఫరాలియోని రాళ్లు, సొరెంటో కొస, ఆ వెనక అమాల్ఫీ తీరం, అటుపక్క వెసూవియస్, ఇస్కియా ద్వీపం, అన్నీ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాప్రి ఇచ్చేది ఇదీ. మిగతా అన్ని చోట్లా అందం కోసం నడవాలి, ఇక్కడ కూర్చుంటే చాలు.

ఓరుగల్లు_సుధ

ఒక్క మాట. కుర్చీ ఆగదు, నడుస్తనే ఉంటది. వెనకనుంచి వస్తుంటే చటుక్కున కూసోవాలె. అక్కడ పనిచేసేటోళ్లు పట్టుకొని కూసోబెడ్తరు, మోకాళ్లు బాగలెవ్వని ముందే చెప్పుండ్రి. చేతుల సంచి ఉండొద్దు. గాలి గట్టిగుంటే దాన్ని కూడ ఆపేస్తరు.

మధు_మ్యూనిక్

ఇది విన్నాక ధైర్యం వచ్చింది. అమ్మ పైన కూర్చుని ఉంటే నాన్నని కొంచెం అటూ ఇటూ తిప్పొచ్చు. ఆయనకి చూపించదగ్గ చరిత్ర ఏముంది? రోమన్ చక్రవర్తి ఎవరో ఇక్కడ ఉండేవాడని చదివాను.

చరిత్రప్రియ

టైబీరియస్ అండీ. క్రీ.శ. 27 ప్రాంతంలో రోమ్ వదిలి ఈ ద్వీపానికి వచ్చేశాడు. 37లో చనిపోయేదాకా సామ్రాజ్యాన్ని ఇక్కడి నుంచే ఏలాడు. మళ్లీ రోమ్ నగరంలో అడుగు పెట్టలేదు. అతనికి ముందు చక్రవర్తి అగస్టస్ ఈ ద్వీపం మీద ఎంత ముచ్చటపడ్డాడంటే, నేపుల్స్ వాళ్లకి ఇస్కియాని ఇచ్చేసి బదులుగా దీన్ని తీసుకున్నాడు. ఇస్కియా వైశాల్యంలో దీనికి నాలుగింతలు పైనే.

టైబీరియస్ మేడ, విల్లా యోవిస్, ద్వీపం తూర్పు కొసన శిథిలాలుగా ఉంది. నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లండి. కాప్రి చౌకు నుంచి ముప్పావుగంట ఎక్కుడే, అమ్మగారు రాలేరు. అక్కడ చూడాల్సింది గోడలకన్నా నీటి తొట్లు. ఈ ద్వీపమంతా సున్నపురాయి, పడిన వాన నిలవదు, చెప్పుకోదగ్గ ఊటలూ లేవు. అందుకని మేడ నడిబొడ్డునే పెద్ద పెద్ద తొట్లు కట్టి వానబొట్టు వానబొట్టూ పట్టారు. చక్రవర్తి స్నానాలగది దగ్గర్నుంచి అన్నీ ఆ నీటి మీదే నడిచాయి. చెరువుల దేశం నుంచి వచ్చిన మనకి ఆ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంకో సంగతి మాస్టారికి నచ్చుతుంది. అగస్టస్, టైబీరియస్ బొమ్మలున్న రోమన్ వెండి నాణేలు మన నల్గొండ జిల్లాలో కూడా దొరికాయి. మిరియాలకీ బట్టలకీ రోమ్ నుంచి వచ్చిన డబ్బు అది. ఆ నాణేల మీది మనిషి ఆఖరి పదేళ్లు కూర్చున్న చోటు ఇది అని చెప్తే ఆ శిథిలాలు ఆయనకి వేరేగా కనిపిస్తాయి.

తెనాలి_కామ్రేడ్

చరిత్ర అంటే చక్రవర్తులేనా? మాస్టారి తరం రష్యన్ రచయిత గోర్కీని చదివిన తరం. ఆ గోర్కీ 1906 నుంచి 1913 దాకా ఉన్నది ఈ కాప్రిలోనే. రష్యాలో ఉండనివ్వక ప్రవాసం వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నాడు. లెనిన్ రెండుసార్లు ఆయన్ని చూడటానికి వచ్చాడు, 1908లో ఒకసారి, 1910లో ఒకసారి. లెనిన్, ఆయన పార్టీ సహచరుడు బొగ్దానోవ్ చదరంగం ఆడుతుంటే గోర్కీ పక్కన ఉన్న ఫొటో చూసే ఉంటారు, అది తీసింది కాప్రిలోనే. జారిస్టు పోలీసుల చేయి అందని ఈ రాళ్లమీద వాళ్లు వాదించుకున్నవి చిన్న విషయాలు కావు.

అగస్టస్ తోటల దగ్గర లెనిన్ స్మారక స్తంభం ఉంది. జాకొమో మన్‌ద్జూ అనే పెద్ద శిల్పి చేసింది. చాలామంది పక్కనుంచే పోతారు, ఆగి చూసేవాళ్లు తక్కువ. నాన్నగారికి తప్పకుండా చూపించండి. ఆ తోటల నుంచే కింద వియా క్రుప్ప్ కనిపిస్తుంది, కొండ చరియను మడతలు మడతలుగా తొలిచిన కాలిబాట. జర్మన్ ఉక్కు వ్యాపారి క్రుప్ వేయించాడు. రాళ్లు పడతాయని తరచుగా మూసేస్తుంటారు, పైనుంచి చూడటమే హాయి.

మధు_మ్యూనిక్

కామ్రేడ్ గారూ, ఇప్పుడే నాన్నకి ఫోన్ చేసి గోర్కీ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బస్సూ వద్దు కొండా వద్దు, ముందు అక్కడికి తీసుకెళ్లు" అన్నారు. ఆయన గదిలో మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అట్టలు వేసి ఉంటాయి.

అగస్టస్ తోటలకి అమ్మ నడవగలదా?

కృష్ణాతీరం

నడవగలరు. కాప్రి చౌకు (పియాత్సెట్టా) నుంచి పది పదిహేను నిమిషాలు, చదును చేసిన బాట, వాహనాలు రావు. పోయేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు ఎక్కుడు, దారిలో కూర్చోవడానికి చోటుంటుంది. తోటలోకి కొద్దిగా టికెట్ ఉంది. ఫరాలియోని మూడు రాళ్లూ అక్కడి నుంచి ఎదురుగా నిలబడతాయి. అన్నిటికన్నా పెద్దది 109 మీటర్లు. మధ్యదానికి కింద తొర్ర ఉంది, పడవలు అందులోంచి దూరి పోతాయి. బయటి రాయి మీద నీలిరంగు బల్లులు ఉంటాయి, అవి ఆ రాతి మీదే కనిపించే రకం.

గోదారి_గట్టు

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. శాకాహారంతో ఇటలీలో అర్ధాకలితో తిరిగినవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నా.

కాప్రి పేరు పెట్టుకున్న సలాడ్ ఉంది కదా, ఇన్సలాతా కాప్రెసె. టమాటా, మొజరెల్లా, తులసిని పోలిన బసిలికో ఆకు, ఆలివ్ నూనె. అమ్మగారు చీజ్ తింటే అది హాయిగా తినొచ్చు. కాప్రి రవియోలి అని ఇంకోటి చెప్తారు, లోపలి ముద్దలో గుడ్డు కలుపుతారు, వద్దు. తోర్తా కాప్రెసె అని బాదం, చాక్లెట్ కేకు, అందులో మైదా ఉండదు గానీ గుడ్డు బాగా పడుతుంది. అదీ వద్దు. పార్మిజానో చీజ్ దూడ పొట్టలోని పదార్థంతో విరగ్గొట్టి చేస్తారు, పట్టింపు ఉంటే పైన చల్లొద్దని చెప్పండి.

అనుమానం లేకుండా తినగలిగేవి రెండు. పిజ్జా మరినారా: టమాటా, వెల్లుల్లి, ఒరిగానో, నూనె, అంతే. చీజే ఉండదు. రెండోది స్పగెత్తీ అల్ పొమొదోరో, టమాటా సాస్. "సెన్‌త్సా ఉవోవా, సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పెష్షె" అనండి: గుడ్డు, మాంసం, చేప లేకుండా అని. మామూలుగా ఎండు స్పగెత్తీలో గుడ్డుండదు, చేత్తో చేసిన తాజా పాస్తాలో ఉండొచ్చు, అడగండి.

పియాత్సెట్టా బల్లల దగ్గర కూర్చోవద్దు, కాఫీ కాదు, ఆ కుర్చీకే డబ్బు. అనకాప్రిలో తినండి, అదే తిండి తక్కువకు వస్తుంది. హోటళ్లలో మనిషికింతని కొపెర్తో అనే రుసుం వేస్తారు, బిల్లులో చూసి కంగారు పడకండి, మామూలే. ఇంకా మంచిది, పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకెళ్లండి. సొలారో కొండ మీద కూర్చుని తింటే అమ్మగారికి ఆ రోజు ఇంకేమీ అక్కర్లేదు. ఎండకి నిమ్మకాయ గ్రనీతా (ఐసు పొడి షర్బత్) తాగించండి, అక్కడి నిమ్మకాయలకి ఆ వాసన వేరు.

విశాఖ_వెంకట్

నేను కొంచెం అడ్డం వస్తాను. ఇంత మెట్లూ రద్దీ ఉన్నచోటుకి పెద్దవాళ్లని తీసుకెళ్లే బదులు ప్రోచిదా ఎందుకు వెళ్లకూడదు? అదీ నేపుల్స్ నుంచే. నాలుగు చదరపు కిలోమీటర్ల ద్వీపం, జాలర్ల ఊరు కొరిచెల్లా గోడలన్నీ పసుపు, గులాబీ రంగుల్లో ఉంటాయి. 2022లో ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఎంపికైంది. ధరలు తక్కువ, జనమూ తక్కువ.

నపోలి_నివాసి

వెంకట్ గారి మాటలో న్యాయముంది, నాకూ ప్రోచిదా ఇష్టం. కానీ కొరిచెల్లాకి దిగాలన్నా మెట్లే. పైగా మాస్టారికి గోర్కీ దొరికాక ఇక వేరే ద్వీపం మాట ఎత్తలేం.

మధు గారూ, ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒక్కరోజులో పట్టవు. విల్లా యోవిస్, మోంతె సొలారో, గుహ, మూడూ కావాలంటే అమ్మగారిని పరుగెత్తించాలి. ఒకటి వదిలెయ్యండి. నా మాట వింటే గుహ వదిలెయ్యండి.

మధు_మ్యూనిక్

సరే, అందరి మాటలూ కలిపి ఇలా రాసుకున్నాను:

పొద్దున పోర్తా ది మాస్సా నుంచి మొదటి ఫెర్రీల్లో ఒకటి. రేవు నుంచి టాక్సీలో అనకాప్రి. రద్దీ పెరగకముందే చెయిర్‌లిఫ్ట్, పైన పులిహోర. కిందికి దిగాక సాన్ మికేలె చర్చిలో నేల చూద్దామని ఉంది, 1761 నాటి రంగు పెంకులతో ఆదాము, అవ్వ స్వర్గం నుంచి వెళ్లిపోయే బొమ్మ పరిచారట, అమ్మకి ముగ్గులంటే ప్రాణం. తర్వాత బస్సులో కాప్రి ఊరు. అమ్మా నేనూ మెల్లగా అగస్టస్ తోటలకి, నాన్న కూడా లెనిన్ స్తంభం దాకా మాతోనే. అక్కడి నుంచి ఓపికుంటే నాన్న ఒక్కరే విల్లా యోవిస్‌కి వెళ్లొస్తారు, మేం తోటలో కూర్చుంటాం. ఫునికులారెలో రేవుకి దిగి సాయంత్రం ఫెర్రీ.

గుహ వదిలేశాను. ఇందులో తప్పులుంటే చెప్పండి.

కృష్ణాతీరం

చక్కగా ఉంది. చర్చిలో ఆ నేల మీద నడవనివ్వరు, చుట్టూ చెక్క బాట మీద తిరిగి చూడాలి. పైన ఆర్గన్ ఉండే గ్యాలరీ నుంచి మొత్తం కనిపిస్తుంది. అక్కడికి మెలికల మెట్లు ఉంటాయి, నాన్నగారు ఎక్కి ఫొటో తీసి అమ్మగారికి చూపిస్తే సరి.

విల్లా యోవిస్ బయల్దేరే ముందు ఆ రోజు ఎన్నింటికి మూస్తారో చూసుకోండి. అక్కడికి చేరాక తలుపులు మూసి ఉంటే ఆ ఎండలో ఎక్కుడంతా వృథా.

తెనాలి_కామ్రేడ్

నాన్నగారు ఒక్కరే వెళ్తే ఫోన్ ఛార్జింగ్, నీళ్లసీసా చూసి పంపండి. దారిలో గుర్తులు బాగానే ఉంటాయి, ఎక్కడా తప్పిపోరు. స్తంభం దగ్గర ఆయన ఫొటో మాత్రం ఇక్కడ పెట్టండి.

నపోలి_నివాసి

చివరిగా పడవ గురించి. తిరుగు టికెట్ పొద్దున్నే తీసుకోండి, సాయంత్రం సీట్లు అయిపోతాయి. మరీ ఆఖరి పడవకి పెట్టుకోవద్దు, దానికి ముందుదానికి పెట్టుకోండి. సముద్రం మారితే మొదట ఆపేది అలిస్కాఫోలనే, పెద్ద ఫెర్రీలు ఇంకొంతసేపు తిరుగుతాయి. అప్పుడు అందరూ వాటి మీదే పడతారు. ముందురోజు రాత్రి గాలి ఎటునుంచి ఉందో చూడండి, పొద్దున రేవు దగ్గర బోర్డు మీద రద్దయినవి రాస్తారు. ద్వీపంలో దిగేవాళ్లకి వేసే రుసుం టికెట్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. పెద్ద సూట్‌కేసులు హోటల్లోనే వదిలి రండి.

మధు_మ్యూనిక్

సాయంత్రం ఆఖరిదానికి ముందు ఫెర్రీకే తీసుకుంటాను. నపోలి_నివాసి గారూ, పొద్దున డెక్ మీద నీడ ఏ పక్కన ఉంటుంది? అమ్మని అటు కూర్చోబెడతాను.

నపోలి_నివాసి

వెళ్లేది దక్షిణానికి కాబట్టి పొద్దున ఎండ ఎడమవైపు పడుతుంది. నీడ కుడివైపు, కానీ చూడాల్సిన వెసూవియస్ ఎడమవైపే. టోపీ పెట్టి ఎడమవైపే కూర్చోబెట్టండి.